కొలిచిన పరుగు, కొలవని పరుగు: ఖమ్మం–భద్రాచలం సరిహద్దు నుంచి అథ్లెటిక్స్ చరిత్ర

2021 ఆగస్టులో కెన్యా రాజధాని నైరోబీలో ప్రపంచ అండర్-20 అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మహిళల 4×400 మీటర్ల రిలే ఫైనల్లో నైజీరియా, జమైకా, ఇటలీ జట్లు పతకాలు అందుకున్నాయి. భారత జట్టు 3 నిమిషాల 40.45 సెకన్లలో పరుగు ముగించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ నలుగురిలో ఒకరు కుంజా రజిత. ఆమెది చింతూరు ఏజెన్సీలోని రామచంద్రపురం, గుత్తికోయల పల్లె.

నాలుగో స్థానం వార్తగా ఎక్కువ రోజులు నిలవదు. చరిత్ర విద్యార్థిగా మీకు మాత్రం అందులో చాలా పని ఉంది. ఈ పాఠంలో మనం ఒకే ప్రశ్న వెంట నడుద్దాం: ఒక మనిషి పరుగు ఎప్పుడు చరిత్ర అవుతుంది? వేగంగా పరుగెత్తితే సరిపోదు. ఆ పరుగును కొలిచేవారు, రాసేవారు, రాసినదాన్ని దాచేవారు కూడా ఉండాలి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పరుగు చూసినవాళ్ళ జ్ఞాపకంలో కొన్నాళ్ళు ఉండి పోతుంది. శాసనాలు, దస్తావేజులు, ప్రయాణికుల రాతలు ఆధారాలుగా మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. ఇక్కడ మన ఆధారం ఫలితాల పట్టిక.

ఒక ఊరు, మారిన చిరునామాలు

ముందుగా రజిత ఊరున్న ప్రాంతాన్ని చూడండి. శబరి నది గోదావరిలో కలిసే కూనవరం, శబరి ఒడ్డునే పైకి వెళితే చింతూరు. ఈ ప్రాంతం బ్రిటిష్ కాలంలో మద్రాసు రాష్ట్రానికి చెందిన గోదావరి ఏజెన్సీలో భాగం. గోదావరి దాటి పాల్వంచ, ఇల్లెందు, ఖమ్మం వైపు వస్తే నిజాం రాజ్యం. 1953 అక్టోబరు 1న వరంగల్ జిల్లా నుంచి విడదీసి ఖమ్మం జిల్లాను ఏర్పాటు చేసేనాటికి భద్రాచలం తాలూకా ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్ర విభజన వేళ పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరంతో సహా ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు చింతూరు అందులో చేరింది.

ఇదంతా పరిపాలనా చరిత్ర కదా, పరుగుతో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది. మన దేశంలో అథ్లెట్ పైకి వెళ్ళే మెట్లు జిల్లాల మీదుగానే కట్టి ఉన్నాయి. మండల పోటీ, జిల్లా పోటీ, రాష్ట్ర పోటీ, ఆ తరువాతే జాతీయ పోటీ. ఎంట్రీ ఫారంలో జిల్లా పేరు రాయకుండా ఎవరూ గీత దగ్గరకు రారు. కనుక చింతూరు పిల్ల 1958లో పరుగెత్తితే తూర్పు గోదావరి, 1960లో పరుగెత్తితే ఖమ్మం, 2015లో పరుగెత్తితే మళ్ళీ తూర్పు గోదావరి, 2022 వేసవిలో పరుగెత్తితే అల్లూరి సీతారామరాజు జిల్లా. కదిలింది గీతే, ఊరు కదల్లేదు. రజిత బడికి వెళ్ళే వయసులోనే ఆమె ఊరి రాష్ట్రం మారింది. నైరోబీ ఫలితం చూసి భద్రాచలం అభిమాని, రాజమహేంద్రవరం అభిమాని ఇద్దరూ ‘మన అమ్మాయి’ అనుకున్నా అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఈ చిక్కు మన ఏజెన్సీకి మాత్రమే పరిమితం కాదు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో నార్మన్ ప్రిచార్డ్ 200 మీటర్ల పరుగులోను, 200 మీటర్ల హర్డిల్స్‌లోను రజత పతకాలు గెలిచాడు. ఆయన కలకత్తాలో పుట్టిన ఆంగ్లేయుడు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం ఆ పతకాలను భారతదేశం ఖాతాలో వేసింది. ఆ ఏడాదే లండన్‌లో బ్రిటిష్ చాంపియన్‌షిప్‌లో పరుగెత్తిన తరువాతే ఆయన పారిస్ వెళ్ళాడు కనుక ఆ పతకాలు బ్రిటన్‌వని కొందరు చరిత్రకారులు వాదిస్తారు. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రా జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచినప్పుడు కొన్ని పత్రికలు ‘అథ్లెటిక్స్‌లో దేశానికి తొలి పతకం’ అని రాశాయి, మరికొన్ని ‘తొలి స్వర్ణం’ అని రాశాయి. ఈ రెండు శీర్షికల మధ్య తేడా 121 ఏళ్ళ పాత వాదన. రాసిన విలేకరికి అది తెలిసి ఉండవచ్చు, తెలియకపోనూవచ్చు. చదివే మీకు తెలియాలి.

పట్టికలు రాసిన అభిమానులు

అథ్లెటిక్స్‌లో వార్తకూ చరిత్రకూ మధ్య గోడ చాలా పలచన. క్రికెట్‌లో ఒక బ్యాటర్ చేసిన శతకాన్ని ముప్పై ఏళ్ళ కిందటి శతకంతో నేరుగా పోల్చలేం. పిచ్ వేరు, బౌలర్లు వేరు. 400 మీటర్ల పరుగు అలా కాదు. మీటరు అప్పుడూ ఇప్పుడూ మీటరే, సెకను సెకనే. అందుకే ఈ ఆట అభిమానులు ఇద్దరు కూర్చుంటే నిన్నటి ఫలితంతో మొదలైన మాట పది నిమిషాల్లో మిల్ఖా సింగ్ దగ్గరకు వెళుతుంది. పోల్చడం ఈ ఆట స్వభావంలోనే ఉంది. పోల్చాలంటే పాత అంకె దొరకాలి. దొరకాలంటే ఎవరో రాసి పెట్టి ఉండాలి.

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య 1912లో స్టాక్‌హోంలో పుట్టింది. అది గుర్తించిన తొలి పురుషుల 100 మీటర్ల ప్రపంచ రికార్డు అమెరికాకు చెందిన డొనాల్డ్ లిప్పింకాట్ అదే ఏడాది పరుగెత్తిన 10.6 సెకన్లు. అయితే సమాఖ్య దాచినది ప్రధానంగా రికార్డులనే, అంటే శిఖరాలనే. రెండో స్థానం, పదో స్థానం, ఫలానా సంవత్సరపు ఉత్తమ సమయాలు, ఫలానా దేశపు జాబితా, ఇవన్నీ పోగు చేసిన పని చాలావరకు అభిమానులది. 1950లో బ్రసెల్స్‌లో ఐరోపా చాంపియన్‌షిప్ జరుగుతుండగా కొద్దిమంది అలాంటివాళ్ళు ఒక చోట కలిసి ట్రాక్ అండ్ ఫీల్డ్ గణాంకకారుల సంఘాన్ని స్థాపించారు. వారిలో ఇటలీకి చెందిన రాబర్టో క్వెర్చెతాని ఉన్నాడు, 1924 ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచిన హెరాల్డ్ అబ్రహామ్స్ ఉన్నాడు. తరువాత గిన్నిస్ రికార్డుల పుస్తకాన్ని సంకలనం చేసిన మెక్‌విర్టర్ కవల సోదరులు కూడా వారిలోనివారే. దేశదేశాల పత్రికలు తెప్పించుకుని, ఉత్తరాలు రాసి, ఫలితాలు సరిచూసుకుని ఏటా ఒక పుస్తకం వెలువరించడం వీరి పని.

దీనిలో నాకు విలువైనదిగా తోచే సంగతి ఒకటుంది. విశ్వవిద్యాలయాలు ఆటలను చరిత్రగా గుర్తించడానికి చాలా ముందే, ఈ అభిమానులు చరిత్రకారుడి పని పద్ధతిగా చేశారు. ఒకే పందేనికి రెండు పత్రికలు రెండు సమయాలు ఇస్తే ఏది నమ్మాలి? గాలి వివరం లేని సమయాన్ని జాబితాలో చేర్చాలా? పేరు అక్షరక్రమం మారితే ఇద్దరు మనుషులా, ఒక్కరా? ఆధారాల విమర్శ అని మీరు పరీక్షలో రాసేది సరిగ్గా ఇదే.

అంకె వెనుక ఉన్న కథ

ఇప్పుడు రెండు అంకెలు తీసుకుని కొంచెం నిదానంగా చూద్దాం. మొదటిది అందరికీ తెలిసినదే. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల ఫైనల్లో మిల్ఖా సింగ్ నాలుగో స్థానంలో వచ్చాడు. అధికారిక సమయం 45.6 సెకన్లు. అది చేతి గడియారంతో తీసిన సమయం. అదే పందేనికి విద్యుత్ పరికరం చూపిన సమయం 45.73. ఈ రెండింటిలో దేన్ని జాతీయ రికార్డు అనాలి? 1998లో కోల్‌కతాలో పరంజీత్ సింగ్ 45.70 సెకన్లలో పరుగెత్తాడు. 45.6తో పోల్చితే అతను ఓడాడు, 45.73తో పోల్చితే గెలిచాడు. ముప్పై ఎనిమిదేళ్ళ రికార్డు నిలిచిందా, పోయిందా అన్నది మీరు ఏ గడియారాన్ని నమ్ముతారన్న దాని మీద ఆధారపడింది.

దీనికి కారణం సులువుగానే అర్థమవుతుంది. చేతి గడియారం పట్టుకున్న మనిషి తుపాకీ పొగ చూసి బటన్ నొక్కాలి. కన్ను చూసి, వేలు కదిలేలోపు కొంత ఆలస్యం తప్పదు. అందువల్ల చేతి సమయం ఎప్పుడూ కొంచెం తక్కువగా వస్తుంది. పోల్చవలసి వచ్చినప్పుడు గణాంకకారులు చేతి సమయానికి 400 మీటర్లకైతే 0.14 సెకను, 100, 200 మీటర్లకైతే 0.24 సెకను కలుపుతారు. 45.6కు 0.14 కలిపి చూడండి: 45.74. పరికరం చూపినది 45.73. ఈ లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో గమనించారా? 1977 నుంచి 400 మీటర్ల వరకు పందేల్లో ప్రపంచ రికార్డుకు విద్యుత్ సమయమే తప్పనిసరి అయింది.

రెండో ఉదాహరణ మన తెలుగు నేలది. విశాఖపట్నానికి చెందిన యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్ రన్నర్. ఈ అంశంలో అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు దాదాపు ఇరవై ఏళ్ళు నిలిచింది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03 సెకన్లలో పరుగెత్తింది. పోటీలో ఆమెకు డోప్ పరీక్ష జరగలేదు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. ఆ సమయం రికార్డుగా చెల్లలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. ఈసారి వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లు. నియమం ప్రకారం 2.0 దాటకూడదు. అదీ చెల్లలేదు. ఆ తరువాత, 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లు. అన్నీ సక్రమంగా ఉన్నాయి, జాతీయ రికార్డు ఆమె పేర మారింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మూడు అంకెలనూ వరుసగా కాగితం మీద రాసుకోండి: 13.03, 13.09, 13.23. రికార్డు పుస్తకంలోకి ఎక్కింది ఈ మూడింటిలో అన్నిటికన్నా నిదానమైన పరుగు! సెకనుకు పది సెంటీమీటర్ల గాలి, పూర్తి కాని ఒక పరీక్ష, రాని ఒక అధికారి. చరిత్రలో నమోదైనదానికీ జరిగినదానికీ మధ్య దూరం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నేను మరొకటి చూపలేను. అయితే నియమాలు అన్యాయమని తొందరపడవద్దు. వెనుక గాలి హద్దు 1936 నుంచి ఉంది. ఆ హద్దు లేకపోతే తుపాను రోజు పరుగెత్తినవారే ప్రపంచ విజేతలవుతారు. జ్యోతి కథ అక్కడితో ఆగలేదు. 2022 అక్టోబరులో గాంధీనగర్ జాతీయ క్రీడల్లో 12.79 పరుగెత్తితే మళ్ళీ గాలి ఎక్కువై అది లెక్కకు రాలేదు. అదే నెలలో బెంగళూరులో గాలి సున్నా చూపిన పందెంలో 12.82 సెకన్లు వచ్చి, 13 సెకన్ల లోపు చెల్లిన పరుగు తీసిన తొలి భారతీయురాలైంది. 2023లో ఆ రికార్డును చెంగ్డూలో 12.78కి తగ్గించింది. 2024లో పారిస్‌లో ఈ అంశంలో ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ మహిళ కూడా ఆమే.

కూతవేటు దూరం

ఈ కొలతలన్నిటినీ పట్టుకుని ఇప్పుడు మళ్ళీ అడవిలోకి వెళదాం. గాలి కొలిచే యంత్రం మాట అటుంచండి, దూరమే ఇక్కడ వేరే కొలతల్లో నడిచింది. కూతవేటు దూరం, ఆమడ దూరం, ఒక పూట నడక. రోడ్లు రాకముందు ఏజెన్సీలో టపా సంచి కూడా మనిషి కాళ్ళ మీదే కదిలేది. కోయల విత్తనాల పండుగ రోజుల్లో మగవాళ్ళు గుంపుగా వేటకు వెళ్ళే ఆచారం ఉంది. వీటన్నిటిలో పరుగు ఉంది. గడియారం లేదు, గీసిన గీత లేదు.

కొలిచిన పరుగు ఈ ప్రాంతానికి బడితోనే వచ్చింది. ఆశ్రమ పాఠశాల, గురుకులం, హాస్టల్, సాయంత్రం మైదానంలో సున్నంతో గీతలు గీయించే పీఈటీ మాస్టారు. పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన పిల్లల కోసం నడిచే మోడల్ స్పోర్ట్స్ స్కూల్ ఈ వరుసలోదే. ఈ బడుల మైదానాల్లో జరిగే పందేల ఫలితాలను మీరు ఆధారాలుగా వాడుకోవాలంటే ఒక జాగ్రత్త అవసరం. ప్రామాణిక ట్రాక్ చుట్టు 400 మీటర్లు. ఆ కొలతను లోపలి అంచు మీద తీయరు, అంచు నుంచి 30 సెంటీమీటర్ల బయట తీస్తారు. బడి మైదానంలో స్థలం చాలక 200 మీటర్ల చుట్టు గీస్తే మలుపులు రెట్టింపవుతాయి, వేగం పడిపోతుంది. మట్టి నేల, ఉత్త కాళ్ళు, వాన పడితే బురద. అలాంటి చోట 62 సెకన్లు తీసిన పిల్ల, సింథటిక్ ట్రాక్ మీద స్పైక్స్ వేసుకుని 60 తీసిన పిల్ల కన్నా నిదానమైనదని అనగలమా? అంకె ఒక్కటే చెబితే అబద్ధం చెప్పినట్టే. నేల, చుట్టు, గడియారం కూడా చెప్పాలి.

ఒలింపిక్స్‌లో సింథటిక్ ట్రాక్ 1968 మెక్సికో నుంచి వచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలు, ఆ తరువాత 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఆసియా క్రీడల కోసం సిద్ధమైన హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియం, ఇలా ఆ నేల మెల్లగా మన వైపు వచ్చింది. అది పెద్ద నగరంలోనే ఆగింది. అందుకే శిక్షణ కోసం అడవి పిల్లలు ఊరు విడిచి మైదాన ప్రాంతపు పట్టణాలకు, అక్కడి హాస్టళ్ళకు వెళ్ళవలసి వచ్చింది. రజితదీ అదే దారి.

‘పుట్టుకతోనే పరుగు’ అనే మాట

ఇలాంటి అథ్లెట్ల గురించి పత్రికల్లో మీకు తరచు కనిపించే వాక్యాలు గుర్తు తెచ్చుకోండి: అడవిలో పుట్టిన లేడి, కొండకోనల్లో పరుగు నేర్చిన చిరుత. రాసినవారి ఉద్దేశం మెచ్చుకోవడమే. కానీ ఈ మెప్పు ఆ అమ్మాయి తెల్లవారుజామున లేచి చేసిన కసరత్తును, కోచ్ పనిని, హాస్టల్ భోజనాన్ని, రైలు చార్జీలను ఒక్క ముక్కలో చెరిపేస్తుంది. ప్రతిభ రక్తంలో ఉందంటే ప్రభుత్వం చేయవలసింది వెతికి పట్టుకోవడమే అవుతుంది, పెంచడం కాదు.

ఈ ఆలోచనను మన దేశంలో నిజంగానే ప్రయోగించి చూశారు. 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ప్రత్యేక ప్రాంత క్రీడల పథకం కింద కర్ణాటకలోని సిద్దీ పిల్లలను ఎంపిక చేసి అథ్లెటిక్స్ శిక్షణలో చేర్చింది. సిద్దీలు శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. ఆఫ్రికా వారు ఒలింపిక్స్ గెలుస్తున్నారు కనుక వీరూ గెలుస్తారన్నది ఆ పథకం వెనుక ఉన్న తర్కం. కొన్నేళ్ళు నడిపి ఆపేశారు. పిల్లలు ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. రక్తం మారలేదు, వ్యవస్థ ఆగిపోయింది.

ఆఫ్రికా ఉదాహరణ కూడా అసలు ఏం చెబుతుందో చూడండి. కెన్యా రన్నర్లను ప్రపంచం ఎత్తైన కొండల బిడ్డలని పిలుస్తుంది. ఆ కొండలు ఎప్పుడూ ఉన్నవే. కెన్యాలో అథ్లెటిక్స్ సంఘం 1951లో ఏర్పడింది. 1954లో వాంకూవర్ సామ్రాజ్య క్రీడలకు జట్టు వెళ్ళింది, అక్కడ న్యాండికా మైయోరో మూడు మైళ్ళ పరుగులో నాలుగో స్థానం పొందాడు. 1964 టోక్యోలో విల్సన్ కిప్రుగుట్ కాంస్యంతో తొలి ఒలింపిక్ పతకం తెచ్చాడు. 1968లో కిప్చోగె కీనో 1500 మీటర్లు గెలిచాడు. 1976లో ఇటెన్ ఊరి సెయింట్ పాట్రిక్ హైస్కూలుకు ఐర్లాండ్ నుంచి భూగోళం పాఠాలు చెప్పడానికి వచ్చిన కామ్ ఓకానెల్ అక్కడే కోచ్ అయ్యాడు, ఆ బడి నుంచి ప్రపంచ విజేతలు వచ్చారు. సంఘం, సైన్యం, పోలీసు శాఖ, బడి. కొండ గాలి వీటితో కలిసినప్పుడే పతకమైంది. అక్కడ కూడా మొదట దక్కినది నాలుగో స్థానమేనన్న సంగతి నైరోబీ ఫలితం చదివేవారికి గుర్తుండడం మంచిది.

తెలంగాణ గురుకులాల నుంచి కూడా ఇదే చెప్పే ఉదాహరణ ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. ఏడు అంశాలున్న ఆ పోటీకి జావెలిన్, ఇనుప గుండు, హైజంప్ పరుపు, హర్డిల్స్ కావాలి. వీటిలో ఒక్కటి కూడా పుట్టుకతో రాదు.

విభాగం కూడా ఒక చారిత్రక కట్టడమే

ఖమ్మానికి ఉత్తరాన ఉన్న వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం. ఈ లోపే, పారిస్ హీట్స్‌లో తుర్కియేకు చెందిన ఐసెల్ ఓండెర్ 54.96 పరుగెత్తి ఆ రికార్డు తీసుకుంది. దీప్తి రికార్డు ఆయుష్షు నాలుగు నెలలు కూడా లేదు, కానీ అది పట్టికలో ఉంది.

టీ20 అంటే బుద్ధి వికాసంలో లోపం ఉన్నవారి విభాగం. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో అలాంటి లోపం లేని ఆటగాళ్ళు దొంగతనంగా ఆడారని బయటపడింది. దాంతో ఈ విభాగాలన్నిటినీ పక్కన పెట్టారు. 2012 లండన్‌లోగాని అవి తిరిగి రాలేదు. మహిళల 400 మీటర్ల టీ20 పారాలింపిక్స్‌లో కనిపించింది 2016 రియోలో. అంటే దీప్తి ఇరవై ఏళ్ళ ముందు పుట్టి అంతే వేగంగా పరుగెత్తి ఉంటే, ఆమెను నిలబెట్టడానికి గీత కూడా ఉండేది కాదు.

మీ ఊళ్ళో ఆధారాలు

ఇక పని మీ వంతు. ఈ కోర్సులో మీరు సమర్పించవలసిన స్థానిక చరిత్ర వ్యాసానికి అథ్లెటిక్స్ మంచి అంశం. ఎక్కువ ఖర్చు లేదు, ఆధారాలు నడక దూరంలో ఉంటాయి. బడిలో ప్రవేశాల రిజిస్టరు, హాస్టల్ హాజరు పట్టీ, వార్షికోత్సవ కరపత్రం, ఇళ్ళలో ఇనుప పెట్టెల్లో దాచుకున్న సర్టిఫికెట్లు, పత్రికల జిల్లా పేజీల కత్తిరింపులు, పీఈటీ మాస్టార్ల చేతి నోట్ పుస్తకాలు. కొత్తగూడెం వైపు వారైతే సింగరేణి కార్మికుల క్రీడా పోటీల జ్ఞాపకాలను కూడా అడగండి. బొగ్గు బావిలో షిఫ్టు దిగి వచ్చి మైదానంలో పరుగెత్తినవారి కథ వేరే వ్యాసానికి సరిపోయేంత ఉంటుంది.

తొందరపడవలసిన కారణం కూడా చెప్పాలి. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. నది ఒడ్డు బడిలోకి వరద నీరు వస్తే ముందు పోయేది బీరువా కింది అరలోని పాత కాగితాలే. పోలవరం ముంపు గ్రామాల సంగతి ఇంకా తీవ్రం. ఊరు లేచి మరో చోటికి వెళ్ళేటప్పుడు రేషన్ కార్డు, పట్టా కాగితం భద్రంగా పట్టుకువెళతారు. 1987 నాటి మండల పోటీల ఫలితాల షీటు ఎవరు పట్టుకువెళతారు?

మౌఖిక ఆధారం తీసుకునేటప్పుడు ‘మీరు ఎంత వేగంగా పరుగెత్తేవారు?’ అని అడగవద్దు. ఎవరైనా చాలా వేగంగానే అంటారు. ఏ బడిలో చదివేటప్పుడు, ఏ మైదానంలో, ఎన్ని చుట్లు, పక్కన ఎవరు పరుగెత్తారు, గడియారం ఎవరి చేతిలో ఉంది, బహుమతి ఏమిచ్చారు, పోటీకి ఏ బస్సులో వెళ్ళారు అని అడగండి. స్టీలు గిన్నె వచ్చిందని ఒకరు చెబితే, అదే ఏడాది గిన్నె అందుకున్న మరొకరిని వెతకండి. ఇద్దరి మాటలు కలిసిన చోట మీకు ఒక తేదీ దొరుకుతుంది. ఆడపిల్లల విషయంలో మరో ప్రశ్న చేర్చండి: పరుగు ఎప్పుడు, ఎందుకు ఆపారు? పెళ్ళి, పదో తరగతి, హాస్టల్ దూరం, ఏది కారణమైనా అది ఆటల చరిత్రలో భాగమే. సమాధానం చెప్పడానికి ఇష్టపడనివారిని బలవంతపెట్టకండి. పేరు రాయవద్దంటే రాయకండి.

పట్టిక గీసేటప్పుడు ఈ వరుస పాటించండి: సంవత్సరం, పోటీ స్థాయి, మైదానం, నేల, చుట్టు పొడవు, అంశం, పేరు, బడి, ఊరు, స్థానం, సమయం, సమయం తీసిన పద్ధతి, ఆధారం. చేతి గడియారపు సమయమైతే ఒకే దశాంశ స్థానం రాయండి. 61.4ను 61.40 అని రాస్తే పరికరంతో తీసినట్టు అర్థం వస్తుంది. సమయం దొరకని చోట గడిని ఖాళీగా వదలండి, అంచనాతో నింపవద్దు. ఊరి పేరు పక్కన, ఆ పోటీ జరిగిన నాటికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో కూడా రాయండి.